నేను పారబోసిన గ్లూకోజు నీళ్లు

ఆరో నెలలో నేను చేసిన పని ఇది. తెనాలిలో ఒక ల్యాబు బాత్‌రూములో తలుపు గడియ పెట్టుకుని, గ్లాసులో మిగిలిన గ్లూకోజు నీళ్లు వాష్‌బేసిన్‌లో పోసేశాను. మూడో వంతు కూడా తాగలేదు. కుళాయి తిప్పి జాడ లేకుండా కడిగేసి, మూతి తుడుచుకుని బయటికొచ్చాను. మొత్తం తాగేశారా అని అక్కడి అమ్మాయి అడిగితే తాగేశానండి అన్నాను. అడక్కపోయినా ఖాళీ గ్లాసు చూపించాను కూడా.

నేను రేపల్లెలో ఒక స్కూల్లో సైన్సు చెప్తాను. క్లోమం ఎక్కడుంటుందో బోర్డు మీద బొమ్మ గీసి, ఇన్సులిన్ ఏం చేస్తుందో పిల్లలకి విడమర్చి చెప్పి, పరీక్షల్లో మార్కులు కోసిన చెయ్యి ఇది. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. తెలిసే చేశాను. భయంతో చేశాను. భయపడ్డ మనిషికి చదువు ఎందుకూ కొరగాదని నా మీదే రుజువైంది.

ఆ భయం అంతకు ముందు ఏడాది మొదలైంది. మొదటిసారి నెల తప్పగానే ఆగలేక స్టాఫ్ రూములో అందరికీ చెప్పేశాను, లడ్డూలు పంచాను. మూడో నెలలో స్కానింగుకి వెళ్తే డాక్టరమ్మ మిషను అటూ ఇటూ జరిపి, మళ్లీ జరిపి, స్క్రీను నా వైపు నుంచి పక్కకు తిప్పేసుకుంది. గుండె కొట్టుకోవడం లేదని మెల్లగా చెప్పింది. మొదటి మూడు నెలల్లో ఇలా జరుగుతూ ఉంటుందని, ఎక్కువసార్లు పిండం తయారవడంలోనే లోపం ఉంటుందని, బరువెత్తినందుకో బస్సెక్కినందుకో కాదని, నా తప్పేమీ లేదని ఎంతో ఓపిగ్గా చెప్పింది. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆ స్క్రీను పక్కకు తిరగడం ఒక్కటే నా కళ్లలో ఉండిపోయింది. ఆ తర్వాత ఏ పరీక్ష పేరు విన్నా నాకు అదే గుర్తొచ్చేది.

రెండోసారి నెల తప్పినప్పుడు మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. బాపట్లలో ఉన్న మా అమ్మకి కూడా రెండు వారాలు దాచాను. ఫోలిక్ యాసిడ్ మాత్ర మింగడం, వాంతి చేసుకోవడం, బాత్‌రూముకి వెళ్లిన ప్రతిసారీ ఏమైనా రక్తపు చుక్క కనిపిస్తుందేమోనని వెతుక్కోవడం, ఇదే నా పని. వేవిళ్లు తగ్గిన రోజు సంతోషించాల్సింది పోయి ఏడ్చాను. వాంతులు ఆగాయంటే లోపల ఏదో ఆగిందేమోనని. అమ్మకి తెలియగానే మూడో నెల దాటకుండా ఎవరి కంటా పడకుండా డబ్బాలో చలిమిడి పట్టుకొచ్చి నా నోట్లో పెట్టి వెళ్లింది. ఆదివారం గుడి మానని మనిషి మా అమ్మ. మోకాళ్ల మీద ప్రార్థన చేసి లేచాకే ఇంట్లో పొయ్యి వెలిగేది. అయినా కడుపుతో ఉన్న పిల్లకి దొంగ చలిమిడి పెట్టకపోతే ఆవిడ ప్రాణం ఊరుకోదు.

నాలుగో నెల మెల్లగా గడిచింది. ఐదో నెల స్కానింగులో కాళ్లు చేతులు, వెన్నెముక, గుండె గదులు అన్నీ ఒక్కొక్కటీ చూసి బాగున్నాయన్నారు. ఆ నెల్లోనే ఒక రోజు ఏడో తరగతి క్లాసులో హాజరు పిలుస్తుంటే పొత్తికడుపులో గుటక మింగినట్టు ఏదో కదిలింది. మొదట గ్యాస్ అనుకున్నాను. రెండోసారి కదిలేసరికి అర్థమై కుర్చీలో కూలబడ్డాను. పిల్లలు భయపడి హెడ్మాస్టరు గారిని పిలుచుకొచ్చారు. కదిలిందన్న ఆనందం ఆ గంటసేపే. తర్వాత నుంచి కదలని ప్రతి గంటా నాకు గండంగానే ఉండేది.

ఆరో నెల నిండుతుండగా డాక్టరమ్మ షుగర్ పరీక్ష రాసింది. అందరికీ చేస్తామమ్మా, గ్లూకోజు నీళ్లు తాగాలి, రెండు గంటలాగి రక్తం తీస్తారు, అంతే అంది. అంతేనా! మా అత్తయ్య గారు షుగర్ మనిషి. కాలి బొటనవేలికి పుండు పడి మానక, చివరికి ఆ వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ ఇంట్లో షుగర్ అన్న మాట వినపడితే అందరి ముఖాలూ మారిపోతాయి. స్టాఫ్ రూములో ఒకావిడకి గర్భంలో షుగర్ వచ్చి రోజూ పొట్ట మీద సూది పొడుచుకునేది. బిడ్డకేమవుతుందోనని ఆవిడ పడ్డ బాధ నేను చూశాను. మళ్లీ ఒక డాక్టరు నా ముందు కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడటం నేను భరించలేననుకున్నాను. గ్లాసు చేతికిచ్చారు. మూడు గుక్కలకే కడుపులో తిప్పింది. వాంతయితే మళ్లీ రేపు రావాలని ఆ అమ్మాయి ముందే చెప్పింది. వాంతి వస్తోందని బాత్‌రూముకి వెళ్లిన మాట నిజమే. కానీ వాంతి కాలేదు. పోసేశాను. తాగకపోతే షుగర్ కనపడదు, కనపడకపోతే లేనట్టే. సైన్సు టీచరు తెలివి ఆ రోజుకి అంత వరకే పనిచేసింది.

రిపోర్టులో అంతా నార్మల్ అని వచ్చింది. డాక్టరమ్మ నవ్వుతూ ఫైల్లో రాసుకుంది. నేనూ నవ్వాను. రేపల్లె బండిలో కూర్చున్నాక మాత్రం వేమూరు దాటేదాకా ఆ ఫైలు మళ్లీ తెరవలేదు.

ఏడో నెలలో రేపల్లెలోనే శ్రీమంతం చేసి, అమ్మ నన్ను బాపట్ల తీసుకెళ్లింది. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. మామిడిపళ్ల రోజులు. పొద్దున రెండు పళ్లు, మధ్యాహ్నం పెరుగన్నంలో ఇంకోటి, సాయంత్రం సున్నుండలు, పడుకునేముందు బెల్లం వేసిన పాలు. నేను కాదనలేదు. కాదంటే ఎందుకని అడుగుతుంది. రిపోర్టులో లేదుగా, తినమ్మా అనేది. ఆవిడ నమ్మిన రిపోర్టు ఎలా వచ్చిందో నాకొక్కదానికే తెలుసు. రాత్రి పగలు దాహం. చెంబులు చెంబులు నీళ్లు తాగేదాన్ని, అన్నిసార్లూ బాత్‌రూముకి వెళ్లేదాన్ని. ఎండాకాలం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. పొట్ట నెలలకి మించి పెరిగింది. చూసినవాళ్లు కవలలా అని అడిగేవాళ్లు. అమ్మ దిష్టి తీసేది. నాకు గుండెల్లో రాయి పడేది.

ఎనిమిదో నెల వచ్చింది. నెలలో రెండుసార్లు రమ్మని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ మాత్రం ఎనిమిదో నెలలో గడప దాటి ప్రయాణం పెట్టకూడదంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుందిట, ఎనిమిదో నెల బిడ్డ బతకదట, అందుకని ఆ నెలంతా కదలకూడదట. ఇది శుద్ధ తప్పని నాకు తెలుసు. బిడ్డకి లోపల గడిచే ప్రతి వారమూ మేలే, ఎనిమిది ఏడు కంటే మంచిదే. క్లాసులో అయితే గట్టిగా చెప్పేదాన్ని. ఇంట్లో మాత్రం అమ్మ మాట నాకు కలిసొచ్చింది. డాక్టరమ్మ ముందుకు వెళ్లక్కర్లేదు. పొట్ట ఇంత ఎందుకుందని అడిగించుకోక్కర్లేదు. అమ్మ చాదస్తాన్ని అడ్డం పెట్టుకుని నేను దాక్కున్నాను. ఒక చెకప్ పోయింది.

తర్వాత వారం, ఒక మధ్యాహ్నం అన్నం తిని ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టుకుంటున్నాను. ఏడో నెల నుంచి డాక్టరమ్మ నేర్పిన లెక్క అది. తిన్నాక పడుకుని, రెండు గంటల్లో పది కదలికలైనా వచ్చాయో లేదో చూడాలి. మామూలుగా అరగంటలో పది దాటేవి. ఆ రోజు గంటకి రెండే. చల్లటి నీళ్లు తాగాను. అటు తిరిగాను, ఇటు తిరిగాను. పొట్ట మీద చెయ్యి వేసి, నాన్నా కదులు, ఒక్కసారి కదులు అని బతిమాలాను. రెండు గంటలకి నాలుగు. ఆ నాలుగులో ఒకటి నిజమో నా భ్రమో తెలియదు.

అమ్మకి చెప్తే, బిడ్డ పెద్దదైంది కదమ్మా, లోపల చోటు చాలక కదలడం తగ్గుతుంది, కాన్పు దగ్గరపడ్డప్పుడు అందరికీ అంతే అంది. ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది తల్లులు ఈ మాట చెప్పి ఉంటారో. కడుపుతో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఇక్కడ ఆగి వినండి. చివరి రోజుల్లోనైనా బిడ్డ కదలడం తగ్గకూడదు. తగ్గితే రేపు చూద్దామనుకోకూడదు, ఎన్నో నెల అని చూడకూడదు, వెంటనే వెళ్లాలి. ఆ మాట నాకు తెలుసు. తెలిసి కూడా ఇంకో అరగంట మంచం మీదే పడి ఉన్నాను. వెళ్తే అంతా బయటపడుతుంది. వెళ్లకపోతే? ఆ ప్రశ్న దాకా వచ్చేసరికి ఎలా లేచానో తెలియదు, లేచి చెప్పులు వేసుకున్నాను. అమ్మ ఎనిమిదో నెల అంటూ అడ్డం వచ్చింది. జీవితంలో మొదటిసారి మా అమ్మని పక్కకు నెట్టాను. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా పర్సూ ఫైలూ తీసుకుని వెనకే వచ్చింది.

కారు మాట్లాడేలోపు స్టేషన్లో బండి ఉందని తెలిసింది. ఎక్కాం. ఎదురుగా కూర్చున్న ఒకావిడ ఎన్నో నెల అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే అమ్మ తొమ్మిదండి అంది. అప్పికట్ల దాటింది. నిడుబ్రోలు దాటింది. చుండూరు ముందు సిగ్నల్ లేక బండి ఆగిపోయింది. రెండు పక్కలా ఎండిన పొలాలు. పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాను. లోపల ఏమీ లేదు. నేను ఏమీ అడగకుండానే అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ప్రభువా నా బిడ్డనీ దాని బిడ్డనీ కాపాడు అంటోంది. నేనేం చేశానో తెలిస్తే ఈ చెయ్యి ఇక్కడ ఉంటుందా అనుకున్నాను. బండి ఎంతసేపు ఆగిందో నాకు గుర్తులేదు. పది నిమిషాలే అంటుంది అమ్మ.

తెనాలి ఆసుపత్రిలో పొట్టకి బెల్టు కట్టారు. మిషను గరగరలాడింది. నర్సు దాన్ని జరిపింది. ఆ కాసేపట్లో నాకు నిరుటి స్క్రీనే కనపడింది. మళ్లీ జరిపింది. అప్పుడు వినపడింది, టకటకమని. నేను బావురుమన్నాను. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. మిషనులోంచి వస్తున్న కాగితం వైపే చూస్తూ గుండె కొట్టుకుంటోంది గానీ కొట్టుకోవాల్సినట్టు లేదంది. స్కానింగు చేసింది. బిడ్డ వారాలకి మించి పెరిగిందని, ఉమ్మనీరు చాలా ఎక్కువుందని చెప్పి ఫైలు వెనక్కి తిప్పింది.

"షుగర్ నార్మల్ అని ఉంది. నాకు అర్థం కావట్లేదమ్మా" అంది.

అమ్మని ఏవో మందులు తెమ్మని కిందికి పంపారు. ఆవిడ మెట్లు దిగిన చప్పుడు ఆగాక చెప్పేశాను. మొత్తం తాగలేదండి, పారబోశానండి అన్నాను. కొడుతుందేమో అన్నంత భయమేసింది. ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, నర్సుని పిలిచి వేలి మీద సూది గుచ్చమంది. అంకె చూసి నర్సు డాక్టరమ్మ వైపు చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు.

ఇన్సులిన్ ఎక్కించారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంకో ఇంజెక్షన్ చేశారు. రేపల్లె నుంచి మా ఆయన, అత్తయ్య గారు వచ్చారు. మర్నాడు పొద్దున గుండె చప్పుడు మాటిమాటికీ పడిపోతోందని ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. చూడటానికి నెలలు నిండిన బిడ్డలా బొద్దుగా ఉందట. కానీ ఊపిరి తీసుకోలేకపోతోంది, ఒంట్లో చక్కెర పడిపోతోందని నాకు చూపించకుండానే పట్టుకెళ్లిపోయారు. తల్లి ఒంట్లోని చక్కెరకి అలవాటుపడ్డ పిల్ల బయటికి రాగానే అది అందక అల్లాడుతుందని తర్వాత చెప్పారు. పదకొండు రోజులు ఆ అద్దాల గదిలో ఉంది. రోజుకెన్నోసార్లు మడమ మీద సూది గుచ్చేవాళ్లు. నేను పొడిపించుకోవాల్సిన సూదులన్నీ నా బిడ్డ పొడిపించుకుంది.

డాక్టరమ్మ నాతో ఒక్కసారే మాట్లాడింది ఆ సంగతి. స్వీట్లు తిన్నందుకే ఇది రాదు, మాయ నుంచి వచ్చే హార్మోన్ల వల్ల ఎవరికైనా రావచ్చు, ఆరో నెలలో తెలిసి ఉంటే తిండితోనో మందుతోనో అదుపులో పెట్టేవాళ్లం అంది. నేనైతే ఎవరికీ చెప్పను, మీవాళ్లకి నువ్వే చెప్పుకో అంది.

చెప్పుకోలేదు. రెండో రోజు మధ్యాహ్నం వార్డులో ఆయా, అంత షుగర్ వచ్చేదాకా ఏం పెట్టారమ్మా పిల్లకి అని అమ్మని అడిగింది. ఊరికే అన్న మాటే. అమ్మ ముఖం తెల్లబోయింది. పక్కన అత్తయ్య గారున్నారు, మా ఆయన ఉన్నాడు. మామిడిపళ్లు పెట్టానండి, సున్నుండలు పెట్టానండి, నా చేతులారా పెట్టానండి అని వాళ్లందరి ముందూ చేతులు నలుపుకుంటూ చెప్పింది. నేను మెలకువగానే ఉన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను. అప్పుడు నోరు విప్పితే అయిపోయేది. బిడ్డ అద్దాల గదిలో ఉంది, అది బతక్కపోతే చంపింది నువ్వేనని మా ఆయన అంటాడేమోనని భయం. బతికాక ఇప్పుడెందుకులే అని భయం. పాప ఇంటికొచ్చాక అసలు ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియని భయం. అలా అలా ఐదేళ్లు పోయాయి.

పాప ఇప్పుడు బడికెళ్తోంది. అల్లరిది, నా నోరే వచ్చింది. అమ్మ దాన్ని ఎత్తుకుంటుంది, జడ వేస్తుంది, ప్రార్థన నేర్పిస్తుంది. తినడానికి మాత్రం చేత్తో ఏదీ పెట్టదు. పళ్లెం నా చేతికిచ్చి నువ్వు పెట్టు అంటుంది. చూసి కూడా చూడనట్టే ఉన్నాను.

మొన్న చీరాల నుంచి చెల్లి ఫోన్ చేసి ఏడ్చింది. దానికి ఏడో నెల, తొలి కాన్పు. అమ్మ దాన్ని బాపట్ల రావద్దందిట. కాన్పు మీ అత్తగారింట్లోనే చేయించుకో, నా చెయ్యి మంచిది కాదు, నా చేత్తో ఇంకో బిడ్డకి కీడు జరగనివ్వను అందిట. తీసుకెళ్లడానికి పుట్టింటివాళ్లు రారేంటని అక్కడివాళ్లు అడుగుతున్నారట. అమ్మకి నా మీద ప్రేమ లేదా అక్కా అని అడిగింది.

ఆదివారం పొద్దున్నే పాపని మా ఆయనకి అప్పజెప్పి బండెక్కాను. తెనాలిలో దిగి, బాపట్ల బండి పట్టుకుని వెళ్లేసరికి అమ్మ గుడి నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్లీ వాయిదా వేస్తానని తెలుసు. ల్యాబు, గ్లాసు, బాత్‌రూము, ఆయా అడిగినప్పుడు నేను మెలకువగా ఉండటం, మొత్తం చెప్పాను. పెట్టింది నువ్వు కాదమ్మా, దాచింది నేను అన్నాను.

అమ్మ ఏడవలేదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఫోన్ అందుకుని చెల్లికి చేసి, బుధవారం వచ్చి తీసుకెళ్తాను, బట్టలు సర్దుకో అని చెప్పింది. మీ అత్తగారికి నేను మాట్లాడతానంది. చెల్లి ఏదో అడుగుతుంటే తర్వాత చెప్తానని పెట్టేసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"నెలనెలా గుళ్లో ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకునే ముందు, నా మనవరాలిని చంపబోయానని ఒప్పుకుంటున్నానే. ఐదేళ్లు. చాలాసార్లు నువ్వు నా పక్కనే మోకరించావు" అంది.

నేను అవునన్నాను.